మిలటరీ పెన్షన్, వైద్యం, సాయం: మీ ఇంటి మాజీ సైనికుడికి రావాల్సినవి ఎలా తెచ్చిపెట్టాలి

మా పెద్దనాన్న ఆర్టిలరీలో హవల్దారుగా చేసి రిటైరయ్యారు. ఆయన దినకర్మ అయిన మర్నాడు పెద్దమ్మ మంచం కింద నుంచి నల్ల ట్రంకుపెట్టె లాగి నా ముందు పెట్టింది. మూత మీద తెల్ల పెయింటుతో ఆయన ఆర్మీ నంబరు. లోపల కలరా ఉండల వాసన, ఒక ఉన్ని స్వెట్టరు, అడుగున ప్లాస్టిక్ కవర్లో డిశ్చార్జి బుక్కు. తెరిచి చూస్తే భార్య పేరు దగ్గర నీలి సిరాతో "సుబ్బమ్మ" అని ఉంది. పెద్దమ్మ ఆధార్‌లో "వెంకట సుబ్బలక్ష్మి". రెండూ ఆవిడ పేర్లే. పుట్టినప్పుడు పెట్టింది ఒకటి, అందరూ పిలిచింది ఇంకొకటి. ఆ తేడా వల్ల ఫ్యామిలీ పెన్షన్ పద్నాలుగు నెలలు ఆగిపోయింది. బకాయిలన్నీ చివరికి వచ్చాయి, నిజమే. కానీ ఆ పద్నాలుగు నెలలూ బీపీ మాత్రలకు కూడా ఆవిడ చేబదులు తెచ్చుకుంది. ఆయన బతికుండగా మేము ఒక్క పూట కూర్చుని చూసి ఉంటే ఆ తిప్పలు ఉండేవి కావు.

అప్పటి నుంచి ఎవరి ఇంట్లోనైనా మిలటరీలో చేసినాయన ఉన్నారంటే నేను అడిగే మొదటి మాట ఒకటే: కాగితాల్లో పేర్లు కలుస్తున్నాయా? కింద రాసినదంతా ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ వాళ్లకు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వాళ్లను కూడా మన ఊళ్లలో "మిలటరీ" అనే అంటాం. వాళ్ల పెన్షన్, వైద్యం ఏర్పాట్లు వేరు. ఇక్కడ చెప్పే ఆఫీసులకు వాళ్లను తిప్పి అలసిపోయేలా చేయకండి.

ముందు పెట్టె తెరవండి

ఆయన పక్కన కూర్చుని తెరవండి. ఏ కాగితం ఏమిటో ఆయనకే బాగా తెలుసు. మీకు కావలసినవి ఇవి: డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పెన్షన్ పేమెంట్ ఆర్డర్, తర్వాత సవరిస్తూ వచ్చిన కారిజెండమ్ పీపీఓలు ఎన్ని ఉంటే అన్నీ), సైనిక సంక్షేమ కార్యాలయం ఇచ్చిన గుర్తింపు కార్డు, ఈసీహెచ్‌ఎస్ కార్డు (మాజీ సైనికుల వైద్య పథకం కార్డు), గ్రూప్ ఇన్సూరెన్స్ సర్టిఫికేట్. సర్వీసులో దెబ్బ తగిలినా, జబ్బు చేసినా మెడికల్ బోర్డు కాగితాలు కూడా ఉంటాయి. వాటిని పాత ఆసుపత్రి చీటీలనుకుని పారేయకండి. డిసేబిలిటీ పెన్షన్‌కు ఆధారం అవే.

ప్రతి పేజీ ఫోన్‌తో ఫొటో తీసి ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంచండి. డిశ్చార్జి బుక్కు పేజీలు విడదీయకండి, లామినేషన్ చేయించకండి.

పుస్తకం వరదలోనో చెదలకో పోయిందనుకోండి. కంగారు పడొద్దు. ఆర్మీ నంబరు ఒక్కటి దొరికితే దారి ఉంటుంది. పతకాలు ఉంటే వాటి అంచు చూడండి. నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. మా పక్క వీధిలో ఒక ముసలమ్మకు మిగిలింది ఆయన పతకమొక్కటే. దాన్ని చింతపండుతో తోమి, వెలుతురుకు పెట్టి, భూతద్దంతో నంబరు చదివాం. పోలీస్ స్టేషన్‌లో పోయినట్టు ఫిర్యాదు చేసి, ఆ నంబరుతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డ్స్ ఆఫీసుకు (ఆయన సర్వీసు ఫైలు ఉండే చోటికి) రాశాం.

పేర్లు, పుట్టిన తేదీలు కలిపి చూడండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇది. తెల్లకాగితం అడ్డంగా పెట్టి గడులు గీయండి. పైన వరుసగా డిశ్చార్జి బుక్కు, పీపీఓ, ఆధార్, పాన్, బ్యాంకు పాసుబుక్కు. పక్కన ఆయన పేరు, పుట్టిన తేదీ, భార్య పేరు, ఆవిడ పుట్టిన తేదీ, పిల్లల పేర్లు. ఏ గడిలో ఏముందో అక్షరం అక్షరం రాయండి.

మన తెలుగువాళ్లకు ఇక్కడ ఒక చిక్కు ఉంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. భర్తీ చేసుకునే రోజున గుమాస్తా "రావు"నో "రెడ్డి"నో ఇంటిపేరనుకుని రాసేసి ఉంటాడు, లేదా అసలు ఇంటిపేరే వదిలేసి ఉంటాడు. పెళ్లయ్యాక భార్య ఇంటిపేరు మారుతుంది. పుట్టిన తేదీలు బడిలో మాస్టారు వేసినవి. అందుకే తేడాలు రాని ఇల్లు చాలా తక్కువ. తేడా ఉందని సిగ్గుపడాల్సింది లేదు, దాచాల్సింది అంతకన్నా లేదు.

ఎక్కడ సరిచేయించాలో ముందు తేల్చుకోండి. రికార్డులో ఉన్నదే నిజమై, ఆధార్‌లో తప్పు పడితే ఆధార్ మార్చడం తేలిక. అయితే ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. కాబట్టి ఎలా రాయించాలో ఖాయం చేసుకుని వెళ్లండి. రికార్డులోనే తప్పుంటే "ఈ రెండు పేర్లూ ఒకే మనిషివి" అని మేజిస్ట్రేట్ ముందు అఫిడవిట్ చేయించి, ఆధార్, పీపీఓ నకళ్లు జతచేసి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డ్స్ ఆఫీసుకు పంపాలి. వాళ్లు పార్ట్ టూ ఆర్డర్ (రికార్డులో మార్పును నమోదు చేసే ఉత్తర్వు) వేస్తారు. దాని మీద కారిజెండమ్ పీపీఓ వస్తుంది. నెలలు పడుతుంది. అందుకే ఆయన ఉండగానే మొదలుపెట్టమంటున్నాను. ఆయన సంతకంతో వెళ్లే కాగితం ఒక దారి, ఆయన పోయాక భార్య మోసుకెళ్లే కాగితం వేరే దారి.

భార్య పుట్టిన తేదీ గడి ఖాళీగా ఉందేమో ప్రత్యేకంగా చూడండి. పాత పీపీఓల్లో చాలావాటిలో అది ఉండదు. పెన్షన్ తీసుకునేవారికి 80 ఏళ్లు నిండితే బేసిక్ మీద 20 శాతం అదనంగా వస్తుంది. 85కు 30, 90కి 40, 95కు 50, నూరేళ్లకు నూరు శాతం. ఫ్యామిలీ పెన్షన్‌కు కూడా ఇదే లెక్క. ఆవిడ వయసు రికార్డులో లేకపోతే ఆవిడకు 80 నిండిన సంగతి ఎవరికి తెలుస్తుంది?

ఇంట్లో వైకల్యమున్న కొడుకో కూతురో ఉంటే ఆ పేరు రికార్డులో ఎక్కించడం ఆయన ఉన్నప్పుడే చేయించండి. సొంతంగా సంపాదించుకోలేని అలాంటి బిడ్డకు తల్లిదండ్రుల తర్వాత జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వచ్చే వీలుంది. భర్త పోయి, లేదా విడాకులై పుట్టింటి మీద ఆధారపడిన కూతురికి కూడా నిబంధనల ప్రకారం హక్కు ఉంటుంది.

ఎక్కడికి వెళ్లాలి

మొదటి గడప మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. మాజీ సైనికుల పేర్లు అక్కడ నమోదై ఉండాలి. రిటైరై ముప్పై ఏళ్లయినా నమోదు కానివారు ఉన్నారు. వితంతువుకు గుర్తింపు కార్డు ఇచ్చేదీ వాళ్లే. అక్కడి దరఖాస్తులకు డబ్బు కట్టక్కర్లేదు. బయట ఎవరైనా "పని చేయించి పెడతా, బకాయిల్లో పది శాతం ఇవ్వండి" అంటే దండం పెట్టి వచ్చేయండి.

అసలు ఫైలు ఉండేది రికార్డ్స్ ఆఫీసులో. ఆయన ఏ శాఖలో చేశారన్న దాన్ని బట్టి ఊరు మారుతుంది. ఆర్టిలరీ అయితే నాసిక్, ఈఎంఈ (యంత్రాల మరమ్మతు శాఖ) అయితే సికింద్రాబాద్, మద్రాస్ సాపర్స్, ఏఎస్‌సీ (సరఫరా, రవాణా శాఖ) అయితే బెంగళూరు, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్, మెడికల్ కోర్ అయితే లక్నో. రిటైరయ్యాక డీఎస్‌సీలో (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో) మళ్లీ చేసి ఉంటే కన్నూరు. ఉత్తరం ఇంగ్లీషులోనో హిందీలోనో రాయండి. మొదటి వరుసలోనే ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, డిశ్చార్జి తేదీ ఉండాలి. ఒక ఉత్తరంలో ఒకే విషయం అడగండి. మూడు అడిగితే ఒకదానికి జవాబిచ్చి ఊరుకుంటారు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఆ ఉత్తరం నకలుకే పిన్ను చేసి ఉంచండి.

స్పర్శ్, లైఫ్ సర్టిఫికేట్

ఇప్పుడు రక్షణ పెన్షన్లు స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా వస్తున్నాయి. నడిపేది ప్రయాగ్‌రాజ్‌లోని (పాత పేరు అలహాబాద్) పీసీడీఏ పెన్షన్స్, అంటే రక్షణ పెన్షన్ల లెక్కలు చూసే ఆఫీసు. మొదటిసారి లాగిన్ అయినప్పుడు వివరాలు సరిచూసుకోమని అడుగుతుంది. చాలామంది పిల్లలు హడావుడిగా అన్నిటికీ "సరే" కొట్టేస్తారు. మీరు గీసుకున్న గడుల కాగితం ఎదురుగా పెట్టుకుని ఒక్కొక్కటి చూడండి. ముఖ్యంగా భార్య పేరు, ఆవిడ పుట్టిన తేదీ. ఫోన్ నంబరు ఇంట్లో ఎప్పుడూ ఉండేదై ఉండాలి. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న కొడుకు నంబరు ఇస్తే ఓటీపీ కోసం పెద్దాయన ఎదురుచూడాల్సి వస్తుంది.

లాగిన్ కుదరకపోతే కామన్ సర్వీస్ సెంటర్లు, స్పర్శ్ సేవా కేంద్రాలుగా పెట్టిన బ్యాంకు శాఖలు, సికింద్రాబాద్‌లోని సీడీఏ (రక్షణ శాఖ లెక్కల) ఆఫీసు సాయం చేస్తాయి. ఆర్మీ ప్రాజెక్ట్ నమన్ కింద సికింద్రాబాద్, గుంటూరుల్లో పెట్టిన కేంద్రాలు కూడా ఇందుకే.

లైఫ్ సర్టిఫికేట్ ఏటా ఇవ్వాలి. తప్పితే పెన్షన్ ఆగుతుంది. పొలం పని చేసిన చేతులకు వేలిముద్రలు అరిగిపోతాయి. పెద్దమ్మను ఆ మిషన్ దగ్గరికి మూడు రోజులు తిప్పాం, పది వేళ్లూ తీసుకోలేదు. అప్పుడు ఫోన్‌లో జీవన్ ప్రమాణ్ యాప్‌తో ముఖం చూపించి చేసే పద్ధతి ఉందని తెలిసింది. అరుగు మీద వెలుతురులో కూర్చోబెట్టి, కళ్లద్దాలు తీయించి, రెప్ప ఆర్పమన్నాం. రెండు నిమిషాల్లో అయిపోయింది. మంచం మీద ఉన్నవారికి ఇదే మంచిది. పోస్ట్‌మ్యాన్ ఇంటికి వచ్చి కూడా చేస్తారు, కొద్దిగా రుసుము ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. స్పర్శ్‌లోకి మారినవారు పెన్షన్ ఇచ్చే ఏజెన్సీ అన్నచోట పాత బ్యాంకు పేరు పెట్టకూడదు. స్పర్శ్ పీసీడీఏ పెన్షన్స్ అలహాబాద్ అనేదాన్ని ఎంచుకోవాలి, స్పర్శ్ ఇచ్చిన కొత్త పీపీఓ నంబరు వేయాలి. బ్యాంకు పేరు పెట్టినా సర్టిఫికేట్ తయారవుతుంది, మీరు పనైపోయిందనుకుంటారు. కానీ అది చేరాల్సిన చోటికి చేరదు. "మేము ఇచ్చాం, అయినా పెన్షన్ ఆగింది" అని వచ్చేవాళ్లలో చాలామంది విషయంలో జరిగింది ఇదే.

స్పర్శ్ నుంచి అంటూ ఫోన్ చేసి ఓటీపీ, కార్డు నంబరు అడిగేవాళ్లు మోసగాళ్లు. ఈ మాట ముసలివాళ్లకు ఒకసారి కాదు, పదిసార్లు చెప్పండి.

ఆయన పోయినప్పుడు

రాయడం కష్టమే, కానీ ఇక్కడే ఎక్కువమంది నష్టపోతున్నారు.

మరణ ధ్రువపత్రం పది కాపీలు తీసుకోండి. స్పర్శ్‌లో మరణం నమోదు చేయించండి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి చెప్పండి. ఆయన పోయిన తర్వాత ఖాతాలో పడిన పెన్షన్‌ను ఏటీఎంలో తీయకండి. తర్వాత వెనక్కి కట్టమంటారు, ఆవిడ ఫ్యామిలీ పెన్షన్‌లో కోస్తారు. ఆయన బతికున్న ఆఖరి రోజు వరకూ రావాల్సిన పెన్షన్ నామినీకి ఇస్తారు, అది అడిగి తీసుకోండి. పెన్షన్ ఖాతా ఇద్దరి పేరా ఉంటే ఆవిడ చేతికి డబ్బు అందడం తేలికవుతుంది. లేకపోతే ఇవాళే మార్పించండి.

ఫ్యామిలీ పెన్షన్ ఎంత రావాలో మీరే లెక్క వేసుకోండి. మామూలు ఫ్యామిలీ పెన్షన్ ఆఖరి జీతంలో 30 శాతం. అయితే రిటైరయ్యాక పోయినవారి భార్యకు మొదట కొంతకాలం 50 శాతం వరకూ హెచ్చు రేటు ఉంటుంది. ఆయన పోయినప్పటి నుంచి ఏడేళ్లు, లేదా ఆయన ఉంటే 67 ఏళ్లు నిండే రోజు వరకు, ఏది ముందైతే అది. ఉదాహరణకు 55వ ఏట పోతే ఏడేళ్లూ వస్తుంది. 64 ఏళ్లు నిండగానే పోతే మూడేళ్లే. 70 దాటాక పోతే ముందు నుంచీ 30 శాతమే. ఎంత తక్కువైనా బేసిక్ రూ. 9,000కు తగ్గకూడదు, దాని మీద కరువు భత్యం కలుస్తుంది. సర్వీసు కారణంగా పోయినవారి కుటుంబానికి రేటు ఎక్కువ: స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ 60 శాతం. యుద్ధంలోనో ఉగ్రవాదులతో పోరులోనో అమరులైనవారి భార్యకు లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ ఆఖరి జీతానికి సమానం.

ఇంకో సంగతి. మన దగ్గర మిలటరీ నుంచి వచ్చాక బ్యాంకులోనో ప్రభుత్వ ఆఫీసులోనో ఇంకో ఉద్యోగం చేసినవారు ఎక్కువ. ఒకప్పుడు భార్య రెండు ఫ్యామిలీ పెన్షన్లలో ఒకటే ఎంచుకోవాలి. 2012 సెప్టెంబర్ 24 నుంచి రెండూ తీసుకోవచ్చు. అంతకుముందు మిలటరీది వదులుకున్న వితంతువులు ఇప్పటికీ ఆ ఒక్కదానితోనే గడుపుతున్నారు. మీకు తెలిసినవాళ్లలో అలాంటివారుంటే దయచేసి ఈ ఒక్క మాట చెప్పండి.

రిటైరయ్యేటప్పుడు తీసుకున్న ఎక్స్‌టెండెడ్ ఇన్సూరెన్స్ సర్టిఫికేట్ పెట్టెలో ఉందేమో చూడండి. దాని కాలపరిమితి లోపలే ఆయన పోయి ఉంటే ఆ బీమా సొమ్ము విడిగా రావాలి.

ఈసీహెచ్‌ఎస్ కార్డు

2003 ఏప్రిల్ నుంచి నడుస్తున్న వైద్య పథకం ఇది. పెన్షన్ తీసుకునే మాజీ సైనికుడు, భార్య, నిబంధనలకు లోబడి పిల్లలు, ఆధారపడిన తల్లిదండ్రులు వస్తారు. కొడుకుకు పాతికేళ్లు నిండే దాకా, లేదా సంపాదన, పెళ్లి అంతకుముందే అయితే అప్పటిదాకా. 1996 జనవరి 1కి ముందు రిటైరైనవారు, యుద్ధ వితంతువులు చందా కట్టక్కర్లేదు. కాబట్టి "అంత డబ్బు ఎక్కడ కడతాం" అని ఊరుకున్న ముసలివాళ్లు మళ్లీ అడగండి.

మామూలుగా ముందు పాలీక్లినిక్‌కు (ఈ పథకం సొంత క్లినిక్‌కు) వెళ్లి, అక్కడి రెఫరల్‌తో జాబితాలో ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే రెఫరల్ కోసం చూడక్కర్లేదు, దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అందులో చేర్చండి. జాబితాలో లేని ఆసుపత్రి అయితే 48 గంటల్లోపు దగ్గరి పాలీక్లినిక్‌కు మీరే తెలియజేయాలి. బిల్లు ముందు మీరు కట్టి, తర్వాత నిర్ణయించిన రేట్ల ప్రకారం వెనక్కి అడగాలి. ఎమర్జెన్సీ సర్టిఫికేట్, డిశ్చార్జి సమ్మరీ, వివరంగా రాసిన బిల్లులు ఆసుపత్రి వదిలేముందే తీసుకోండి. పాలీక్లినిక్ ఫోన్ నంబరు ఫ్రిజ్ మీద అంటించి ఉంచండి.

పెన్షన్ లేనివారికి

పదిహేనేళ్లు నిండకుండా ఇంటికి వచ్చేసిన జవాన్లకు సర్వీసు పెన్షన్ ఉండదు. వాళ్లలో 62, 65, 71 యుద్ధాలు చూసినవారున్నారు. "నాకేం రాదులే" అని వాళ్లే అనేస్తారు. హవల్దారు, అంతకన్నా తక్కువ ర్యాంకులో చేసి, 65 ఏళ్లు దాటి, పెన్షన్ లేని మాజీ సైనికుడికి, లేదా అలాంటివారి భార్యకు కేంద్రీయ సైనిక్ బోర్డు పెన్యూరీ గ్రాంట్ (పేదరికంలో ఉన్నవారికి సాయం) ఇస్తుంది. నెలకు రూ. 4,000 ఉండేది, 2025 నవంబర్ 1 నుంచి పెట్టుకున్న దరఖాస్తులకు రూ. 8,000 చేశారు. అదే తేదీ నుంచి పిల్లల చదువు సాయం ఇద్దరి వరకు తలకు నెలకు రూ. 2,000, కూతురి పెళ్లి సాయం రూ. లక్ష అయ్యాయి. పెళ్లి సాయానికి 180 రోజుల్లోపే దరఖాస్తు పెట్టాలి. పందిరి తీసిన వారంలోనే ఆ పని చూసుకోండి. బోర్డు వెబ్‌సైట్‌లో నింపి, కాగితాలు జిల్లా ఆఫీసులో సరిచూపించాలి.

ఇంటర్‌లో 60 శాతం వచ్చి ఇంజినీరింగ్, మెడిసిన్ లాంటి కోర్సులో మొదటి ఏడాది చేరిన పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది. ఆడపిల్లలకు నెలకు రూ. 3,000, మగపిల్లలకు రూ. 2,500. ఆఫీసర్ స్థాయికి కింద చేసినవారి పిల్లలకే. మొదటి ఏడాదిలోనే పెట్టాలి, రెండో ఏడాదిలో గుర్తొస్తే లాభం లేదు.

పని ఆగిపోతే

ముందు స్పర్శ్‌లోనే ఫిర్యాదు పెట్టి నంబరు రాసుకోండి. కదలకపోతే రక్షా పెన్షన్ శికాయత్ నివారణ్ పోర్టల్‌లో ఆ నంబరు చూపిస్తూ రాయండి. ఫైలు ఎక్కడుందో చెప్పకపోతే పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తు చాలాసార్లు కదిలిస్తుంది. పెద్దమ్మ ఫైలు ఒక ఆఫీసులో ఐదు నెలలు పడి ఉంది. "నా దరఖాస్తు ఏ తేదీన ఎవరి బల్ల మీదకు వెళ్లింది" అని ఆర్టీఐలో అడిగాక నెల లోపు కదిలింది.

డిసేబిలిటీ పెన్షన్ కాదన్నప్పుడు మాత్రం ఆ తిరస్కరణ ఉత్తరం జాగ్రత్త చేయండి, అందులో రాసిన గడువు లోపల అప్పీలు వేయండి. అక్కడా కాదంటే సైనికుల కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది. మన రెండు రాష్ట్రాలకూ చెన్నై బెంచ్. లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు మెడికల్ బోర్డు కాగితాలు, భర్తీ నాటి వైద్య పరీక్ష వివరాలు, తిరస్కరణ ఉత్తరం మూడూ పట్టుకెళ్లండి. భర్తీ అయ్యేటప్పుడు లేని జబ్బు సర్వీసులో వచ్చిందంటే దానికి సర్వీసు కారణం కాదని చూపించాల్సింది ప్రభుత్వమేనని 2013లో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లాయరుకు ఆ తీర్పు పేరు చెప్పండి. 2023లో ఈ నిబంధనలు మారాయి కాబట్టి ఆయన ఎప్పుడు సర్వీసు నుంచి బయటికి వచ్చారన్న తేదీ కూడా మొదటే చెప్పండి.